మిర్చి బేరంలో అంకెలు: చెప్పేదెంత? చెప్పనిదెంత?

గుంటూరు యార్డులో మిర్చి బేరం ఈనాటికీ చేతితోనే మొదలవుతుంది. టిక్కీ మూతి విప్పి, లోపలి నుండి గుప్పెడు కాయ తీసి, గలగల చప్పుడు వస్తున్నదో లేదో విని, ఒక కాయ విరిచి, రంగు, గింజ, తొడిమ, తాలు పాలు అంచనా కట్టి ధర చెప్పడం కొనుగోలుదారుల ఆనవాయితీ. అయితే అదే సరుకు ఓలియోరెసిన్ తీసే కర్మాగారానికో, విదేశీ కొనుగోలుదారుకో పోయేసరికి గుప్పెడు కాయ స్థానంలో ఒక కాగితం వస్తుంది. దానిపై ముఖ్యంగా నాలుగు అంకెలుంటాయి: తేమ శాతం, ఆస్టా రంగు, స్కోవిల్ ఘాటు, అఫ్లటాక్సిన్. లక్షల రూపాయల బేరం ఆ నాలుగు అంకెల మీద కుదురుతుంది. లాటు తిరిగి వచ్చినా వాటి మీదనే తిరిగి వస్తుంది.

ఈ అంకెలు అవసరమైనవే. సముద్రం అవతల వున్నవాడు టిక్కీ విప్పి చూడలేడు. రసాయనశాస్త్రం తెలియని వర్తకుడు కూడా రంగు ఇంత, ఘాటు ఇంత అని వినగానే సరుకు ఏ తరగతిదో గ్రహిస్తాడు. దలాలీకి ఫోనులో చెప్పడానికి రెండు మాటలు చాలు. కాని ఒక్కొక్క అంకె వెనుక ఒక పరీక్షా పద్ధతి, ఒక మచ్చు, ఒక తేదీ, లెక్క కట్టే ఒక గుణకం వున్నాయి. కాగితం మీద అంకె మాత్రం మిగిలి తక్కినవి జారిపోయినప్పుడు తగాదాలు పుడుతున్నాయి. కనుక ఈ అంకెలను ఒక్కొక్కటిగా పరిశీలించడం వర్తకులకు ఉపయోగకరం.

తేమ: మూడు శాతం తరుగు మూడు శాతం కాదు

అన్నిటిలోకి తేలికగా కనిపించేది తేమ. ఆహార ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతానికి మించరాదు. ఒక లాటులో 14 శాతం తేమ వున్నదనుకుందాం. మూడు శాతం ఎక్కువ కనుక మూడు శాతం తరుగు తీస్తే సరిపోతుందని సాధారణంగా భావిస్తారు. లెక్క అలా రాదు. 14 శాతం తేమ గల 100 కిలోలలో పొడి సరుకు 86 కిలోలు. ఆ 86 కిలోలు 11 శాతం తేమ వద్దకు ఆరిన తర్వాత 96.63 కిలోలు తూగుతాయి. అనగా తరుగు 3.37 కిలోలు. ఉదాహరణకు క్వింటాలు 15,000 రూపాయలకు కొన్న సరుకు ఆరిన తర్వాత క్వింటాలుకు సుమారు 15,523 రూపాయలు పడుతుంది. మూడు శాతమే తరుగు తీసుకున్నవానికి ఇందులో క్వింటాలుకు ఇంచుమించు 60 రూపాయలు చేతినుండి పడినట్లే. పెద్ద లాటు మీద ఇది చిన్న మొత్తం కాదు.

ఇది కేవలం తూకం సంగతి. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి వున్నది. తేమ శాతమన్నది సగటు. లాటులో మూడింట రెండు వంతులు 9 శాతం తేమతోను, మూడవ వంతు 15 శాతం తేమతోను వుంటే సగటు సరిగా 11 శాతమే వస్తుంది. కాగితం మీద ఇది నిబంధనకు లోబడిన సరుకు. కాని బూజు సగటును చూచి పట్టదు. 15 శాతం వున్న టిక్కీలలో పడుతుంది, అక్కడ నుండి పక్కకు పాకుతుంది. కాయ బాగా ఎండితే నింపేటప్పుడు విరిగి గింజ రాలుతుందని నీరు చల్లి తొక్కే అలవాటు కొన్ని చోట్ల వున్న సంగతి వర్తకులకు తెలియనిది కాదు. ఆ నీరు టిక్కీ అంతటా సమంగా పరుచుకోదు. మూతి దగ్గర తీసిన గుప్పెడులో ఎండు, నడుమ నిమ్ము వుండవచ్చును. అందువల్ల తేమ విషయంలో సగటుతోపాటు అన్నిటికంటె ఎక్కువ నిమ్ము ఎంత వచ్చిందో కూడా తెలుసుకోవడం మంచిది.

కొలిచే సాధనం కూడా ఒకటి కాదు. యార్డులో వాడే మీటరు కాయ గుండా విద్యుత్తు ఏ తీరున పోతున్నదో చూచి తేమను అంచనా వేస్తుంది. ప్రయోగశాలలో టోలీన్ ద్రవంతో మరిగించి నీటిని వేరుచేసి నేరుగా కొలుస్తారు. ఓవెన్‌లో ఆరబెట్టి తూచే పద్ధతిలో నీటితోపాటు ఆవిరయ్యే నూనెలు కూడా పోయి తేమ కొంత ఎక్కువగా కనిపించవచ్చును. మూడు చోట్ల మూడు అంకెలు వచ్చినంత మాత్రాన ఎవరో ఒకరు మోసం చేశారని అనుకోనక్కరలేదు.

ఘాటు: నాలుక నుండి యంత్రానికి

ఘాటుకు అంకె కట్టే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. మిరపను ఆల్కహాలులో నానవేసి సారం తీసి, దానిని తీపినీటితో పలుచన చేస్తూ, రుచి చూచేవారి నాలుకకు ఘాటు తగిలీ తగలనంతగా వుండే స్థాయి వరకు పోతారు. 40 వేల స్కోవిల్ అంటే ఒక పాలు మిరపకు 40 వేల పాళ్లు తీపినీరు కలిపినా ఘాటు ఇంకా తెలుస్తున్నదని అర్థం. ఈ అంకె పుట్టింది నాలుక మీద. నాలుక అందరిదీ ఒకటి కాదు. ఒకే మనిషి నాలుక కూడా నాలుగవ మచ్చు దగ్గరకు వచ్చేసరికి మొద్దుబారుతుంది. అందుచేత ఒకే సరుకుకు రెండు ప్రయోగశాలలు చాలా తేడాగా అంకెలు ఇవ్వడం ఆ రోజుల్లో మామూలు.

ఇప్పుడు ఆ పని హెచ్.పి.ఎల్.సి. అనే యంత్రం చేస్తున్నది. ఘాటునిచ్చే కాప్సైసిన్ మొదలైన పదార్థాలు సరుకులో ఎంత శాతం వున్నవో యంత్రం చెబుతుంది. ఆ శాతాన్ని పాత అలవాటు ప్రకారం స్కోవిల్ అంకెలోకి మారుస్తారు. చిక్కు ఈ మార్పిడిలో వున్నది. స్వచ్ఛమైన కాప్సైసిన్ ఘాటును 1 కోటి 60 లక్షలుగా తీసుకుంటే ఒక శాతానికి 1 లక్షా 60 వేలు వస్తుంది. 1 కోటి 50 లక్షలుగా తీసుకునే పాత లెక్కలో ఒక శాతానికి 1 లక్షా 50 వేలు వస్తుంది. ఒక లాటులో కాప్సైసిన్ 0.25 శాతం వున్నదనుకుందాం. మొదటి లెక్కలో అది 40 వేల సరుకు. రెండవ లెక్కలో 37,500 సరుకు. కనీసం 40 వేలు వుండాలని ఒప్పందం వ్రాసుకున్నవానికి మొదటి కాగితంతో పూర్తి ధర, రెండవ కాగితంతో కోత. కాయ మారలేదు, యంత్రం మారలేదు, గుణకం ఒక్కటే మారింది. కాప్సైసిన్ శాతాన్నే ఒప్పందంలో వ్రాసుకుంటే ఈ తగాదాకు తావు లేదు.

ఘాటు గింజలో వుంటుందని చాలామంది నమ్మకం. నిజానికి ఘాటు ఎక్కువగా వుండేది గింజలు అంటుకొని వుండే లోపలి తెల్లని భాగంలో. గింజకు దాని నుండి అంటిన ఘాటే తప్ప సొంత ఘాటు లేదనవచ్చును. కనుక మచ్చులో గింజ పాలు, తొడిమ పాలు ఎంత అన్న దానిని బట్టి అంకె మారుతుంది. తొడిమతో సహా పొడి కొట్టి పరీక్షించిన మచ్చుకు, తొడిమ తీసిన మచ్చుకు తేడా రాకుండా వుండదు. అలాగే మొదటి కోత కాయను, చివరి కోత కాయను ఒకే లాటుగా నింపి ఒక్క అంకె పెట్టినప్పుడు ఆ అంకె రెండింటికీ పూర్తిగా వర్తించదు.

రంగు: ఆస్టా అంకె కథ

ఆస్టా అన్నది అమెరికన్ మసాలా వర్తకుల సంఘం పేరులోని పొడి అక్షరాల కూర్పు. ఆ సంఘం 1907లో ఏర్పడింది. వర్తకుల సంఘం నిర్ణయించిన పరీక్షా పద్ధతి ప్రపంచమంతటా రంగుకు కొలబద్దగా నిలవడం విశేషం. పద్ధతి ఇది: మిర్చిని మెత్తగా పొడి చేసి, తూచి, అసిటోన్‌లో పదహారు గంటలు చీకటిలో నానవేస్తారు. ఆ ద్రావణం గుండా 460 నానోమీటర్ల కాంతిని పంపి ఎంత కాంతి లోపల ఇంకిపోయిందో కొలుస్తారు. ఆ కొలతను 16.4తో గుణించి, యంత్రానికి తగిన సవరణ చేసి, మచ్చు బరువుతో భాగిస్తే ఆస్టా అంకె వస్తుంది.

దీనిని బట్టి తెలిసేదేమంటే, ఆస్టా అంకె కొలిచేది కాయలోనుండి తీయగలిగిన రంగును. కంటికి కనిపించే రంగు వేరు. మెత్తగా కొట్టిన పొడి ఒక తీరుగా, బరకగా కొట్టినది మరొక తీరుగా కనిపిస్తుంది. కొద్దిగా నూనె పట్టించిన పొడి మరింత ఎర్రగా కనబడుతుంది. ఆస్టా అంకెలో ఈ తేడాలు రావు. ఇంకొక సంగతి: మిర్చిలో ఎరుపునిచ్చే పదార్థాలతోపాటు పసుపు ఛాయనిచ్చేవి కూడా వున్నాయి. 460 నానోమీటర్ల వద్ద రెండూ కాంతిని పీల్చుకుంటాయి. ఆ అంకెలో అవి కలిసిపోతాయి. అందువల్ల ఒకే ఆస్టా అంకె గల రెండు లాటులలో ఒకటి నిండు ఎరుపు, రెండవది నారింజ వాలుగా వుండవచ్చును. ఓలియోరెసిన్ తీసేవారికి అంకె ముఖ్యం. కారం పొట్లం అమ్మేవారికి కంటికి కనిపించే ఛాయ కూడా ముఖ్యం. కొనేవాడు ఎవరన్నది తెలిస్తే ఏ అంకె ఎంతవరకు అక్కరకు వస్తుందో తెలుస్తుంది.

స్పైసెస్ బోర్డు ఇచ్చే రకాల వివరాలలో గుంటూరు సన్నం ఎస్4 రకానికి ఆస్టా రంగు 32.11, కాప్సైసిన్ 0.226 శాతం అని వున్నది. బ్యాడిగి కడ్డి రకానికి రంగు 159.9, ఘాటు నామమాత్రం. ఈ అంకెలు రకాల మధ్య తేడాను చక్కగా తెలుపుతాయి: ఘాటుకు గుంటూరు, రంగుకు బ్యాడిగి. కాని 32.11లో దశాంశ బిందువు తర్వాతి 11ను చూచి ప్రతి రైతు పొలంలోని సన్నం కాయా అంత ఖచ్చితంగా వుంటుందనుకోరాదు. పల్నాడు నల్లరేగడిలో పండినదీ, కృష్ణ అవతల ఖమ్మం వైపు పండినదీ, తొలి కోత, చివరి కోత అన్నీ ఒకే అంకెకు కట్టుబడి వుండవు. అది రకానికి గుర్తు. లాటుకు హామీ కాదు.

అయినప్పటికీ ఈ అంకెలతో చేయగల మేలు ఎంతో వున్నది. ఉదాహరణకు ఒక కారం మిల్లుకు ఆస్టా 60 రంగు గల పొడి కావాలనుకుందాం. పై అంకెలను 32, 160గా తీసుకొని లెక్క కడితే బాడిగ సుమారు 22 కిలోలు, సన్నం 78 కిలోలు కలిపితే 60 వస్తుంది. అదే లెక్కలో ఘాటు 0.226 నుండి సుమారు 0.177 శాతానికి తగ్గుతుంది. అంటే స్కోవిల్‌లో ఇంచుమించు 36 వేల నుండి 28 వేలకు. రంగు కొనుక్కున్నవాడు ఘాటు కొంత వదులుకోవలసి వుంటుందని, ఆ లోటును తేజ వంటి ఘాటు రకంతో పూడ్చుకోవాలని బేరానికి ముందే తెలుస్తుంది. కంటి అంచనాతో ఈ లెక్క సాధ్యం కాదు.

రంగు అంకెలో తేదీ పాత్ర పెద్దది. మిర్చి రంగు వెలుతురుకు, వేడికి, గాలికి, నిమ్ముకు క్రమంగా తరిగిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో తరుగుదల నెమ్మదిస్తుందే కాని పూర్తిగా ఆగదు. మార్చిలో తీసిన కాగితాన్ని అక్టోబరులో అమ్మే సరుకుతోపాటు ఇస్తే, అందులో వున్నది ఏడు నెలల క్రితపు రంగు. బయట గోడౌనులో వున్న సరుకైతే చెప్పనవసరం లేదు.

తేమతో కూడా రంగు అంకెకు సంబంధం వున్నది. 14 శాతం తేమతో వున్న సరుకును అలాగే తూచి పరీక్షిస్తే ఆస్టా 100 వచ్చిందనుకుందాం. తేమ తీసివేసి పొడి బరువు మీద లెక్కిస్తే అదే సరుకు 116 అవుతుంది. ఏ ప్రాతిపదిక మీద అన్నది కాగితంలో లేకపోతే అమ్మేవాడు 116 అని, కొనేవాడు 100 అని వాదించడానికి ఇద్దరికీ ఆధారం వున్నట్లే. ఓలియోరెసిన్ బేరాలలో కలర్ యూనిట్లు అనే మరొక కొలత వున్నది. అది ఆస్టాకు సుమారు నలభై రెట్లు. 40 వేల కలర్ యూనిట్లు అంటే ఆస్టాలో ఇంచుమించు వేయి. పెద్ద అంకె విని మంచి సరుకని తొందరపడరాదు.

అంకెకే ధర కట్టినప్పుడు

రంగు అంకెకు ధర పెరిగిన చోట అంకెను పెంచే అడ్డదారి కూడా పుడుతుంది. 2003లో భారతదేశం నుండి వెళ్లిన మిరప ఉత్పత్తులలో సూడాన్ 1 అనే పారిశ్రామిక రంగు ఫ్రాన్స్‌లో బయటపడింది. వెంటనే ఐరోపా సంఘం అత్యవసర నిబంధనలు తెచ్చి, ఆ రంగు లేదన్న ధ్రువపత్రం లేనిదే మిరప ఉత్పత్తులను రానివ్వరాదని నిర్ణయించింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారంతో తయారైన వందలాది ఆహార పదార్థాలను అంగళ్ల నుండి వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

కాంతి ఎంత ఇంకిందన్నదే కొలిచే పరీక్ష, ఆ రంగు కాయలో పండినదా, డబ్బాలో నుండి వచ్చినదా అని అడగదు. అందుకే ఆ తర్వాత వేరుగా మరొక పరీక్ష, మరొక కాగితం, మరొక ఖర్చు వచ్చాయి. కొద్దిమంది చేసిన పని మూలంగా ఆ ఖర్చును ఎగుమతిదారులందరూ భరించవలసి వచ్చింది.

అఫ్లటాక్సిన్: ఒక్క కాయ చేసే తేడా

నాలుగు అంకెలలో వర్తకులను ఎక్కువగా కలవరపెట్టేది అఫ్లటాక్సిన్. ఇది ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు తయారుచేసే విషం. దీనిని పి.పి.బి. లెక్కన, అనగా వందకోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు అన్న లెక్కన చెబుతారు. ఒక పి.పి.బి. అంటే వేయి టన్నుల సరుకులో ఒక గ్రాము. ఐరోపా దేశాలలో మిర్చికి బి1 రకం 5, మొత్తం అఫ్లటాక్సిన్ 10 పి.పి.బి.కి మించరాదన్న నిబంధన వున్నది.

ఒకే లాటుకు ఇక్కడ 3, రేవులో 18 వచ్చిందని విన్నప్పుడు ఎవరికైనా ప్రయోగశాల మీద అనుమానం కలుగుతుంది. కాని ఈ విషం తేమ మాదిరిగా సరుకంతటా పరుచుకొని వుండదు. బూజు పట్టిన కొద్ది కాయలలో గుట్టగా వుంటుంది. ఉదాహరణకు ఒక గ్రాము తూగే ఒక చెడ్డ కాయలో 10,000 పి.పి.బి. వున్నదనుకుందాం. తక్కిన కాయలన్నీ శుభ్రమైనవే. కిలో మచ్చులో ఆ కాయ పడితే ఫలితం 10 పి.పి.బి. పడకపోతే సున్న. అటువంటి కాయలు రెండు పడితే 20. సరుకు ఒకటే, ప్రయోగశాల ఒకటే. మచ్చు తీసిన చేయి ఎక్కడ పడిందన్నదే తేడా.

ఈ కారణంగానే ఐరోపా నిబంధనలు పెద్ద లాటు నుండి వంద చోట్ల కొద్దికొద్దిగా తీసి కలిపి మచ్చు తయారుచేయాలని చెబుతున్నాయి. నాలుగు టిక్కీల మూతుల నుండి తీసిన పావుకిలో మచ్చుతో వచ్చిన మంచి ఫలితం చూచి ధైర్యపడడం, దొడ్డి గుమ్మం వేసివున్నది కదా అని వీధి గుమ్మం చూడకుండా నిద్రపోవడం వంటిది. పరీక్ష ఖర్చు తగ్గించుకోవడానికి మచ్చు తగ్గిస్తే మిగిలేది పరీక్ష రుసుము. పోయేది కంటైనరు రానుపోను కిరాయి.

కాగితం మీద "కనిపించలేదు" అన్న మాట కూడా సున్న అని కాదు. ఆ యంత్రం గుర్తించగల కనీస స్థాయికి లోపల వున్నదని మాత్రమే అర్థం. ఒక యంత్రం 5 వరకు గుర్తించలేనిదైతే, దాని "కనిపించలేదు"కు 5 నిబంధన గల మార్కెట్టులో విలువ లేదు. కనుక ఆ మాట పక్కన యంత్రం హద్దు ఎంతో వ్రాయించుకోవాలి.

పత్తి బేరంలోనూ ఇదే తీరు

మిర్చితోపాటు పత్తి బేరం చేసేవారు గుంటూరు, వరంగల్లు ప్రాంతాలలో చాలామంది వున్నారు. అక్కడ మైక్రోనేర్ అంకె కూడా ఇటువంటిదే. నిర్ణీత బరువు గల దూదిని చిన్న గదిలో కుక్కి, దాని గుండా గాలి పంపి, గాలి ఎంత తేలికగా పోయిందో కొలుస్తారు. పోచ సన్నగా వుంటే గాలికి అడ్డు ఎక్కువ, అంకె తక్కువ. అయితే పోచ పక్వానికి రాకపోయినా అంకె తగ్గుతుంది. అందుచేత 3.6 మైక్రోనేర్ అన్నది సన్నగా, పూర్తిగా ముదిరిన మేలైన దూదికీ రావచ్చును, మోటు రకమై లేత దశలో ఏరిన దూదికీ రావచ్చును. మొదటిది సన్న నూలుకు పనికివస్తుంది. రెండవది నూలులో ముడులు కట్టి, అద్దకంలో రంగు సరిగా పట్టదు.

మద్దతు ధర నిర్ణయంలో కూడా పింజ పొడవుతోపాటు మైక్రోనేర్ హద్దులు వున్నాయి. 29.5 నుండి 30.5 మిల్లీమీటర్ల పొడుగు పింజకు 3.5 నుండి 4.3 వరకు, 24.5 నుండి 25.5 మిల్లీమీటర్ల మధ్యరకానికి 4.3 నుండి 5.1 వరకు. రకం తెలిసిన కొనుగోలుదారుకు ఈ అంకె చాలా చెబుతుంది. రకం తెలియనివానికి సగమే చెబుతుంది.

ఈ పుటలో ప్రచురించే ధరల సంగతి

ఇతరుల అంకెలను పరీక్షించిన తర్వాత మార్కెట్టు పుటలలో రోజూ వచ్చే అంకెలను వదలడం న్యాయం కాదు. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఇస్తారు. మోడల్ ధర అంటే ఆనాడు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. సగటు ధర కాదు.

ఒక లెక్క చూద్దాం. ఒకనాడు సమానమైన తూకం గల వేయి టిక్కీలు అమ్ముడుపోయినవనుకుందాం. క్వింటాలు 17,000 చొప్పున డీలక్స్ 50 టిక్కీలు, 14,500 చొప్పున 400, 13,000 చొప్పున 250, 11,500 చొప్పున 200, తాలుపాలు ఎక్కువైనవి 9,000 చొప్పున 100. పుటలో కనిష్ఠం 9,000, గరిష్ఠం 17,000, మోడల్ 14,500 అని వస్తుంది. ఒక్క అంకె కూడా తప్పు కాదు. కాని ఆనాటి నిజమైన సగటు 13,100 రూపాయలు. వేయింటిలో 550 టిక్కీలు మోడల్ ధర కంటె తక్కువకే పోయాయి. పత్రిక చూచి 14,500 మనసులో పెట్టుకొని మరునాడు యార్డుకు వచ్చిన రైతు, 11,500 అన్నప్పుడు అడితిదారు మీద మండిపడడంలో వింత లేదు. అడితిదారు చెప్పిన ధరా అబద్ధం కాదు. ఇద్దరి చేతిలోను నిజమైన అంకెలే వున్నాయి. ఏ తరగతికి ఎంత అన్నది మాత్రం మధ్యలో జారిపోయింది.

గరిష్ఠ ధర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది ఒక్క చిన్న లాటుకు పలికిన ధర కావచ్చును. దానిని చూచి మార్కెట్టు పెరిగిందని నిల్వ పట్టడం, లేక బయటి ఊరి వ్యాపారికి అదే ధర చెప్పి బేరం పోగొట్టుకోవడం రెండూ నష్టమే. రాబడి ఎంత, అందులో డీలక్స్ ఎంత, కోల్డ్ స్టోరేజి సరుకు ఎంత అన్న వివరాలతో కలిపి చదివినప్పుడే ధర అంకెకు అర్థం వస్తుంది.

ఒప్పందంలో వ్రాసుకోవలసినవి

పైన చెప్పిన దానిని బట్టి అంకెలను నమ్మరాదని అర్థం చేసుకోవద్దు. అంకెలు లేకపోతే బేరం మళ్లీ మాటల మీద, మొగమాటం మీద నడుస్తుంది. అందులో బలహీనుడే నష్టపోతాడు. అంకెతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా కాగితం మీదికి రావాలి. కనీసం ఈ ఐదు సంగతులు ఒప్పందంలో వ్రాసుకోవడం మంచిది.

మొదటిది, మచ్చు ఎన్ని టిక్కీల నుండి, ఎంత తీశారు, ఎవరి ఎదుట తీశారు. ఇరుపక్షాలు సంతకం చేసి సీలు వేసిన మూడవ మచ్చు ఒకటి వేరుగా భద్రపరిస్తే తగాదా వచ్చినప్పుడు అదే సాక్షి.

రెండవది, పరీక్షా పద్ధతి పేరు. ఘాటుకు కాప్సైసిన్ శాతం వ్రాయాలి. స్కోవిల్ అంకె కావాలంటే ఏ గుణకం వాడాలో కూడా వ్రాయాలి.

మూడవది, రంగు, ఘాటు అంకెలు వున్న తేమ మీదనా, పొడి బరువు మీదనా అన్నది. తొడిమతో సహానా, తొడిమ తీసినదా అన్నది కూడా.

నాలుగవది, పరీక్ష తేదీ, ఆ తర్వాత సరుకు ఎక్కడ నిల్వ వున్నది. ఎన్ని రోజులలోపు కాగితం చెల్లుతుందో ముందుగానే నిర్ణయించుకోవాలి.

ఐదవది, రెండు ప్రయోగశాలల అంకెలు తేడా వస్తే ఎంత తేడా వరకు సర్దుకోవాలి, దానికి మించితే ఎవరి తీర్పు అంతిమం. ఏ కొలతలోనైనా కొంత తేడా తప్పదు. ఆ హద్దు ముందు వ్రాసుకోనివారు తర్వాత కోర్టులో వ్రాసుకోవలసి వస్తుంది.

చివరగా ఒక మాట. యార్డులో తేమ మీటరు ఎక్కువగా కొనేవారి చేతిలో వుంటున్నది. అంకె ఎంత వచ్చిందో రైతుకు కనిపించదు, తరుగు ఎంతో మాత్రం కనిపిస్తుంది. మీటరు ముఖం రైతు వైపు కూడా తిప్పి చూపించే అడితి వద్దకు మరుసటి సంవత్సరం కూడా సరుకు వస్తుంది. కాటా విషయంలో మన పెద్దలు పాటించిన పద్ధతి అదే: ముల్లు ఇద్దరికీ కనిపించేటట్లు తూచేవారు. కొత్త అంకెల విషయంలోనూ అదే పద్ధతి పాటిస్తే సగం తగాదాలు యార్డు గేటు దాటవు.